వరంగల్‌లో రెండు రాత్రులు, ఐదుగురం: ఏ బస నిజంగా చవక?

నిర్మల్ లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. మాది నిర్మల్. వచ్చే నెల రెండో శనివారం కలిసివచ్చేలా శుక్రవారం సెలవు పెట్టి కుటుంబమంతా వరంగల్ రావాలనుకుంటున్నాం. నేను, నా భార్య, అమ్మ, పద్నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని టీవీలో చూసినప్పటి నుంచి ఆమె అడుగుతూనే ఉంది. "ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చూసి పోతున్నారు, నేను ఇక్కడే పుట్టి చూడకుండా పోతానేమో" అని మొన్న అన్నది. ఆ మాట విన్నాక ఇక వాయిదా వేయదలచుకోలేదు.

నేను ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. బస, ప్రయాణం, తిండి అన్నీ కలిపి పన్నెండు వేలు పక్కన పెట్టగలిగాను. అంతకు మించితే జనవరిలో పాప ఫీజు దగ్గర ఇబ్బంది పడాలి.

బసకు నాలుగు దారులు దొరికాయి. ఫోను యాప్‌లో ఒక హోటల్ ఉంది, గది రోజుకు 899 రూపాయలు, హనుమకొండ బస్టాండుకు నాలుగైదు కిలోమీటర్ల దూరం. మాకు రెండు గదులు కావాలి కాబట్టి రెండు రాత్రులకు 3,596. బస్టాండు దగ్గర ఒక పాత లాడ్జిలో నాలుగు మంచాల గది 1,750, పన్నుతో కలిపే. 24 గంటల లెక్క అన్నారు. రెండు రోజులకు 3,500. మూడోది రోజు అద్దెకు ఇచ్చే ఇల్లు. రెండు పడకగదులు, వంటగది, రోజుకు 2,800, అంటే 5,600. నాలుగోది మా బంధువుల ఇల్లు. నా భార్య పెద్దమ్మ కూతురు హనుమకొండలోనే ఉంటారు. "మా ఇల్లు ఉండగా గదులెందుకు" అని ఆమె గట్టిగా అంటున్నారు. దాని ఖర్చు సున్నా.

గురువారం రాత్రి బస్సెక్కితే తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో హనుమకొండలో దిగుతాం. ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం.

పోయిన ఏడాది ఇంకో యాత్రకు వెళ్లినప్పుడు బసకు రెండు వేలు అనుకుంటే ఇంటికి వచ్చేసరికి 3,700 తేలింది. నలభై మంది పిల్లలకు లెక్కలు నేర్పే నేను ఆ 1,700 ఎక్కడ పోయిందో నా భార్యకు చెప్పలేకపోయాను. అది ఈసారి జరగకూడదు. పైన రాసిన అంకెల్లో నాకు కనిపించనివి ఏమున్నాయో తెలిసినవారు చెప్పండి.

మంచిర్యాల రైలు ప్రయాణికుడు

నమస్తే అన్నా. పోటీ పరీక్షలకు నేను మంచిర్యాల నుంచి తరచుగా కాజీపేట వైపు వస్తుంటాను. ఒంటరిగా వచ్చేవాడికి రైల్వే విశ్రాంతి గదులకు మించిన బస నాకు ఇంతవరకు దొరకలేదు. టికెట్ మీద ఉండే పీఎన్ఆర్ నంబరుతో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. టికెట్ ఖరారైనా కావాలి, ఆర్ఏసీ (ఒక బెర్తు ఇద్దరు పంచుకుని కూర్చునే టికెట్) అయినా కావాలి. రోజు మొత్తానికి కాకుండా గంటల లెక్కన కూడా ఇస్తారు, 48 గంటలకు మించి ఇవ్వరు. డార్మిటరీలో మంచం దొరికితే నాలాంటి వాడికి అంతకన్నా అవసరం లేదు.

ఒకసారి డార్మిటరీ దొరక్క ఐదు వందలకు లాడ్జి గది తీసుకున్నాను. పరీక్షా కేంద్రానికి రానూపోనూ ఆటోకు 240 అయింది. పక్క గదిలో రాత్రి రెండింటి దాకా టీవీ మోగింది. నిద్రలేని కళ్లతో ప్రశ్నపత్రం చదివాను. నాలుగు నెలల కష్టం ఆ రాత్రి పోయింది. దాన్ని ఏ బిల్లులో రాసుకోవాలో ఇప్పటికీ తెలియదు.

మీరు బస్సులో, కుటుంబంతో వస్తున్నారు కాబట్టి ఈ దారి మీకు కుదరదు. రైల్లో వచ్చే మరెవరికైనా పనికొస్తుందని రాశాను. ఇంకొకటి, స్టేషన్లలో సామాను భద్రపరిచే గది వాడుకోవాలంటే ప్రయాణ టికెట్ ఉండాలి, సంచికి తాళం ఉండాలి. తాళం లేని సంచి తీసుకోరు.

పాత లాడ్జి కౌంటరు

మాస్టారూ, వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక లాడ్జి కౌంటరు వెనుక నేను ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. నవ్వుతూ తాళంచెవి తీసుకున్న భార్యాభర్తలు ఖాళీ చేసే రోజు బిల్లు చేతికి రాగానే ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లెక్కలేనన్నిసార్లు చూశాను. ఆ బిల్లులు రాసినవాణ్ణి నేనే. ఏ వరుసలో ఏది పెరుగుతుందో నాకు తెలుసు కాబట్టి మీ కాగితాన్ని మళ్లీ రాస్తాను.

ముందు 899 గది. యాప్‌లో మొదట కనిపించే ధరలో మామూలుగా పన్ను ఉండదు, డబ్బు కట్టే పేజీలో కలుస్తుంది. 2022 జూలై 18కి ముందు రోజుకు వెయ్యి లోపు గదులకు జీఎస్టీ లేదు. అప్పుడు 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 వరకు ఉన్న గదులకు 5 శాతం చేశారు. అంటే మీ 899 గది 944 అవుతుంది. రెండు గదులు, రెండు రాత్రులు, 3,776. గదికి ఇద్దరే అని నియమం ఉంటే ఐదో మనిషికి పరుపు వేయాలి. రోజుకు 300 చొప్పున 600. మీరు దిగేది నాలుగున్నరకు, గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకు. ముందే కావాలంటే గదికి 400 చొప్పున అడిగినా 800. నాలుగైదు కిలోమీటర్ల దూరం నుంచి ఐదుగురికి ఆటో ఒక్కో దఫాకు 150 వేసుకోండి. స్నానానికి, భోజనానికి, అమ్మగారు నడుం వాల్చడానికి వెళ్లి రావడాలు కలిపి రెండు రోజుల్లో ఎనిమిది దఫాలు తప్పవు. 1,200. మొత్తం 6,376. ఇవి నేను చూసిన రేట్లు, కొంత అటూ ఇటూ కావచ్చు. కానీ 3,596 దగ్గర మాత్రం ఆగదు.

ఇక బస్టాండు లాడ్జి. ఇక్కడే మీరు జాగ్రత్తగా చదవాలి. 24 గంటల లెక్క మంచిదని అందరూ అంటారు. అది తాళంచెవి చేతిలో పడ్డ నిమిషం నుంచి నడుస్తుంది. శుక్రవారం తెల్లవారి నాలుగున్నరకు గది తీసుకుంటే రెండు రోజులు ఆదివారం తెల్లవారి నాలుగున్నరకు పూర్తవుతాయి. మీ బస్సు మధ్యాహ్నం. ఆ చీకట్లో అమ్మగారిని, పిల్లలను లేపి సామానుతో బయటికి రాగలరా? రాలేక మూడో రోజు అద్దె కడతారు. 3,500 అనుకున్నది 5,250 అవుతుంది. పోయిన ఏడాది మీ 1,700 ఎక్కడ పోయిందో నేను చెప్పలేను కానీ, మా లాడ్జిలో ఇలా పోగొట్టుకున్న కుటుంబాలు వారానికి రెండైనా ఉండేవి. మా యజమాని మంచి మనిషే, ఒక గంట అటూ ఇటూ చూసీ చూడనట్టు వదిలేసేవాడు. ఏడెనిమిది గంటలు ఎవరు వదులుతారు?

అందుకే నా మాట వినండి, రాత్రి బస్సు మానండి. గురువారం రాత్రి మీ ఇంట్లోనే పడుకుని శుక్రవారం తెల్లవారి మొదటి బస్సుల్లో బయలుదేరండి. జగిత్యాల, కరీంనగర్ మీదుగా మధ్యాహ్నానికి హనుమకొండ చేరతారు. అప్పుడు గది తీసుకుంటే ఆదివారం మధ్యాహ్నం దాకా మీదే. అమ్మగారు బస్సు సీటులో రాత్రంతా కూర్చునే బాధ తప్పుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒక రాత్రి కూర్చుని ప్రయాణం చేస్తే మర్నాడు గుడి మెట్లు ఎక్కలేదు. ఆమె కోసమే వస్తూ ఆమెనే అలా తీసుకురావడం నాకు మనసొప్పడం లేదు.

ఆ లెక్కన లాడ్జికి 3,500, పరుపుకు రోజుకు 150 చొప్పున 300, ఊళ్లో ఆటోలకు 400. మొత్తం 4,200. వేయి స్తంభాల గుడి ఆ బస్టాండుకు దగ్గర. భద్రకాళి గుడికి శుక్రవారం సాయంత్రం, కోటకు ఆదివారం ఉదయం వెళ్తే చాలు.

బస్టాండు పక్కన ఉండమనడానికి ఇంకో కారణం శనివారం ప్రయాణం. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రపు ఆడవాళ్లకు టికెట్ లేదు. మీ ఇంట్లో ముగ్గురికి ఉచితం, బాబుకు అర టికెట్, మీకొక్కరికే పూర్తి టికెట్. ఆధార్ కార్డులు మరచిపోవద్దు, లాడ్జిలోనూ పెద్దవాళ్లందరివీ అడుగుతారు. బస్టాండులోనే ములుగు బస్సు ఎక్కితే అమ్మగారికి సీటు దొరుకుతుంది. దారిలో చేయి ఎత్తి ఆపితే నిలబడాల్సి వస్తుంది. ములుగులో దిగి రామప్పకూ లక్నవరం చెరువుకూ కలిపి ఒకే ఆటో మాట్లాడుకోండి, రేటు ఎక్కకముందే తేల్చుకోండి. హనుమకొండ నుంచే కారు పెట్టుకుంటే సుఖమే, కానీ ఇంట్లో ముగ్గురు ఉచితంగా వెళ్లగల దారికి పూర్తి డబ్బు కట్టినట్టవుతుంది.

గది ఖరారు చేసే ముందు పంచాంగం చూడండి. కార్తీకంలో ముహూర్తాలు ఉంటాయి. గట్టి ముహూర్తం ఉన్న రోజు పెళ్లివారు లాడ్జీలు మొత్తంగా మాట్లాడుకుంటారు, మిగిలిన గదుల ధర అప్పటికప్పుడు మారుతుంది. మేడారం జాతర జరిగే మాఘంలో అయితే ఈ బేరాలేవీ నడవవు, దొరికిన గదే గది. మీరు సోమవారం కాకుండా రావడం మంచిదైంది. కార్తీక సోమవారాల్లో వేయి స్తంభాల గుడిలో రుద్రేశ్వరుడి దర్శనానికి నిలబడే వరుసలు చూస్తే అమ్మగారు భయపడతారు. చలి మొదలవుతుంది కాబట్టి ఏసీ గది వద్దు.

ఫోను చేసినప్పుడు అద్దె గురించి ఎక్కువ బేరం ఆడకండి. వేడినీళ్లు గదిలో గీజరువా, పైన సోలారువా అని అడగండి. సోలారైతే ఎనిమిది దాటాక వచ్చేవాళ్లకు చన్నీళ్లే. కింది అంతస్తు గది ఉందా, లేకపోతే లిఫ్టు నడుస్తుందా? మరుగుదొడ్డి కూర్చునే కమోడా? మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఇది అన్నిటికన్నా ముఖ్యం. మొహమాటపడి అడగరు, తరువాత గది మార్చమంటారు, అప్పుడు పెద్ద గదికి తేడా కట్టాలి.

కామారెడ్డి గృహిణి

మాస్టారు గారూ, రోజు అద్దె ఇంటి గురించి నేను చెప్పగలను. పోయిన వేసవిలో మేమూ ఐదుగురం హనుమకొండలో అలాంటి ఇంట్లోనే రెండు రోజులు ఉన్నాం. మా అత్తగారికి షుగరు. బయటి తిండి పడదని ఇల్లు తీసుకున్నాం. అద్దె మీరు రాసినంతే, పైన శుభ్రం చేసినందుకు ఐదు వందలు. మొత్తం 6,100.

బయట తింటే ఐదుగురికి రోజుకు పదమూడు వందల యాభై దాకా అవుతుంది. ఇంట్లో వండితే సరుకులకు 450 అయింది. రోజుకు తొమ్మిది వందలు, రెండు రోజులకు 1,800 మిగిలింది. దాన్ని తీసేస్తే ఇల్లు మాకు 4,300 పడ్డట్టు. పైన పెద్దాయన చెప్పిన లాడ్జి లెక్కకు దాదాపు సమానమే.

కానీ ఆ తొమ్మిది వందలు మిగిల్చింది నేను. ఉదయం ఐదింటికి లేచి ఉప్మా, అన్నం, పప్పు చేసి డబ్బాలు కట్టాను. సాయంత్రం అందరూ కాళ్లు చాపి కూర్చుంటే మళ్లీ పొయ్యి దగ్గర నిలబడ్డాను. కోటలో ఆ తోరణాల నీడన కాసేపు కూర్చోవాలని నాకు ఎంతో ఉండింది. వంటకు ఆలస్యమవుతుందని త్వరగా తిరిగి వచ్చాం. ఇంట్లో పథ్యం తినేవారు ఉంటే ఇల్లు తీసుకోండి, నేనైనా మళ్లీ అదే చేస్తాను. లేకపోతే మీ భార్యను అడగండి. "వండుతావా" అని కాకుండా, "అక్కడ నీకు ఏం చేయాలని ఉంది" అని అడగండి.

నయీంనగర్ ఆడపడుచు

నాలుగో దారి పక్కన "సున్నా" అని రాశారు చూడండి, ఆ ఒక్క మాట కోసం నేను రాస్తున్నాను.

మాది హనుమకొండ, నయీంనగర్. వేయి స్తంభాల గుడికి వచ్చినా, ఎంజీఎం ఆసుపత్రికి వచ్చినా, యూనివర్సిటీలో పిల్లల సీటు కోసం వచ్చినా మా వాళ్లందరూ మా ఇంటికే వస్తారు. మేడారం జాతరకు రెండేళ్లకోసారి ఇరవై మంది దాకా ఉంటారు. వారంతా రావాలనే నేను కోరుకుంటాను. మా అమ్మ ఇల్లు ఇప్పుడు లేదు, తోబుట్టువులం కలిసేది మా ఇంట్లోనే. ఎవరైనా ఊళ్లోకి వచ్చి లాడ్జిలో దిగారని తెలిస్తే నాకు కన్నీళ్లు వస్తాయి.

అయినా సున్నా మాత్రం కాదండీ. నేను ఆఫీసుకు ఒక రోజు సెలవు పెడతాను. నీళ్ల ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. మా అబ్బాయికి పరీక్షలుంటే పక్కింటి మేడ మీదికి వెళ్లి చదువుకుంటాడు. వచ్చినవాళ్లూ ఊరికే రారు. స్వీట్లు, పండ్లు, పిల్లల చేతిలో పెట్టే డబ్బులు, వెళ్లేటప్పుడు నేను పెట్టే జాకెట్టు ముక్కకు బదులు మరుసటిసారి వాళ్లు తెచ్చే చీర. అటు రెండు వేలు, ఇటు రెండు వేలు. డబ్బు ఎంతైనా ఫరవాలేదు. నాకు కష్టమనిపించేది ఒక్కటే. మంచం ఎక్కడ వేయాలి, ఎవరిని ఎక్కడ పడుకోబెట్టాలి అనే హడావుడిలో నా చెల్లెలితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడలేకపోతాను.

మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. కొత్త ఇంట్లో అందరినీ దాటుకుంటూ వెళ్లాలంటే ఆమెకే సంకోచం. గది తీసుకోండి, ఒక పూట భోజనానికి మాత్రం తప్పకుండా ఆ ఇంటికి వెళ్లండి. ముందే ఫోను చేసి, "అక్కా, అమ్మ ఆరోగ్యం కోసం గది తీసుకున్నాం, శనివారం రాత్రి నీ చేతి వంట తింటాం" అని మీ భార్యతో చెప్పించండి. తరువాత ఇంకెవరి నోటనో తెలిస్తే నొచ్చుకుంటారు, ఆ నొప్పి ఏళ్లకేళ్లు ఉంటుంది. షాపులో కొన్న స్వీటు డబ్బా వద్దు, మీ ఊరి నుంచి ఏదైనా తీసుకురండి.

నిర్మల్ లెక్కల మాస్టారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రాత్రి ఈ జవాబులన్నీ ఇంట్లో చదివి వినిపించాను.

కౌంటరు పెద్దాయన చెప్పిన ఆదివారం తెల్లవారుజాము సంగతి చదవగానే పోయిన ఏడాది 1,700 ఎక్కడ పోయిందో దొరికింది. మేము ఐదున్నరకు గది తీసుకుని, చివరి రోజు పదకొండింటికి ఖాళీ చేశాం. ఒక రోజు అద్దె అదనంగా కట్టించుకున్నారు. అప్పుడు నేను పొరపాటున వేశారని గొడవపడ్డాను. ఆ కౌంటరులో ఉన్న కుర్రాడికి క్షమాపణ చెప్పాలనిపిస్తోంది.

రాత్రి బస్సు మానేశాం. బస్టాండు లాడ్జిలో కింది అంతస్తు గది అడిగాను, ఉందన్నారు. ఆ రోజు పెద్ద ముహూర్తం లేదని పంతులుగారు చెప్పారు. నా భార్య వాళ్ల అక్కకు ఫోను చేసింది. మొదట రెండు నిమిషాలు అలిగారు. తరువాత శనివారం రాత్రికి సర్వపిండి చేస్తానన్నారు. ఆమె కోసం మా ఊరి కొయ్యబొమ్మ ఒకటి కొన్నాను, చిలుక.

కామారెడ్డి అమ్మా, మీరు చెప్పినట్టే నా భార్యను అడిగాను. లక్నవరం వేలాడే వంతెన మీద నెమ్మదిగా అటు చివరి దాకా నడవాలని ఉందట. పెళ్లయి పదహారేళ్లయింది, ఈ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది.

ఒక్క సందేహం మిగిలింది పెద్దాయనా. కింది అంతస్తులో రెండు గదులు ఖాళీ ఉన్నాయట, ఒకటి వీధి వైపు, ఇంకొకటి వెనుక వైపు. ఏది తీసుకోమంటారు?

పాత లాడ్జి కౌంటరు

వెనుకదే తీసుకోండి మాస్టారూ. వీధి వైపు గదికి తెల్లవారి నాలుగు నుంచి బస్సుల హారన్లు వినిపిస్తాయి. అయితే వెనుక బోరు మోటారు ఎక్కడుందో ముందే అడగండి. చాలా లాడ్జీల్లో అది వెనుక గోడకు ఆనుకునే ఉంటుంది, తెల్లవారి నాలుగున్నరకు వేస్తారు. మోటారు ఆ గది పక్కనే ఉందంటే మాత్రం వీధి వైపుదే తీసుకుని, అమ్మగారి మంచం కిటికీకి దూరంగా వేయించండి.